రెండు రాజ్యాల కోడి

కుక్కుట వికాస మహామండలి అధ్యక్షులు ప్రహ్లాద్‌రావు గారు చంద్రపూర్ విశ్రాంతి గృహానికి పత్రికల వారిని పిలిపించి, జివతి కొండల పెరటి కోడిని అయిదేళ్లలో ప్రపంచ మార్కెట్‌లో నిలబెడతామని ప్రకటించారు. దేశం తలుపులన్నీ తెరుచుకున్నాక కోడి ఒక్కటే గంప కింద కూర్చుంటానంటే కుదరదన్నారు. లండన్‌లో మనిషి పొద్దున్నే పగలగొట్టే గుడ్డు మీద జివతి ముద్ర ఉండాలన్నారు. విలేకరులందరూ రాసుకున్నారు. ఒకడు మాత్రం, ఆ కొండల్లో కోళ్లకు మానమోడీ తగిలి చస్తున్నాయట కదా అని అడిగాడు. "అందుకే కదా భారీ టీకా కార్యక్రమం పెట్టాం," అన్నారు అధ్యక్షులు తొణక్కుండా. ఆ మాట నోటి నుంచి వచ్చేదాకా అలాంటి కార్యక్రమం ఉన్నట్టు ఆయనకూ తెలియదు. అంత వేగంగా నిర్ణయాలు తీసుకునే నాయకుడు దొరకడం జిల్లా అదృష్టమని పక్కనున్న వాళ్లు చాలా రోజులు చెప్పుకున్నారు.

మానమోడీ అంటే మన కొక్కెర రోగమే. కోడికి మెడ తిరిగిపోతుంది, తెల్లగా పచ్చగా పారుతుంది, నోరు తెరిచి గాలి కోసం కొట్టుకుంటుంది, మూడో రోజుకు కాళ్లు చాపేస్తుంది. ఒక పెరట్లో అడుగుపెడితే ఊరంతా ఊడ్చుకుపోతుంది. దొంతలగూడ గౌరమ్మకు ఈ సంగతి తెలుసు కానీ లండన్ సంగతి తెలియదు. పక్కనున్న పులిగుట్టలో కోళ్లు పడిపోతున్నాయని వినగానే ఆమె తన పదకొండు కోళ్లనూ దొడ్లో మూసిపెట్టి, తడికకు తాడు కట్టింది.

దొంతలగూడను మహారాష్ట్ర తనదంటుంది. ఆంధ్ర కూడా తనదే అంటుంది. అందుకని ఊళ్లో ఇద్దరు సర్పంచులు, రెండు బడులు, ఇంటింటికీ రెండు రేషన్ కార్డులు ఉన్నాయి. ఓట్లు వస్తే ఇటు ఒకటి వేసి, వేలు మీది సిరా రుద్దుకొని అటు ఇంకొకటి వేస్తారు. గౌరమ్మ పెనిమిటి ఎల్లన్నకు అయిదెకరాల పొలం ఉంది. దానికి రెండు రాజ్యాల కాగితాలున్నాయి, రెండిట్లోనూ ఎల్లన్న పేరే ఉంది. ఇల్లూ అంతే. గౌరమ్మ పేర ఏ రాజ్యంలోనూ ఏమీ లేదు. ఆమెవి అనదగ్గవి ఆ పదకొండు కోళ్లే. వాటి గుడ్డు అమ్మినా పుంజును అమ్మినా ఆమె ఎవరినీ అడగదు. కళ్లద్దాలు వచ్చింది కోళ్ల మీదే, మనవరాలి కాళ్లకు పట్టీలు వచ్చింది కోళ్ల మీదే.

పశువుల దవాఖానాలో టీకాలు వేసే తిరుపతి సైకిల్ తోసుకుంటూ వచ్చి, పెరట్లోకి అడుగుపెట్టకుండా తడిక బయటే నిలబడ్డాడు.

"అక్కా, కోళ్లను ఇడువకు. పులిగుట్టోళ్లు ఎవలొచ్చినా లోపటికి రానియ్యకు. కాళ్లకంటిన మట్టితోటి గూడ వస్తది రోగం."

"గది నాకెర్కే. మందు తెచ్చినవా?"

"తెచ్చిన. మంచు డబ్బల ఉంది."

"మరి ఎయ్యి."

"ఎయ్యొద్దన్నరు. ఎల్లుండి ప్రారంభోత్సవం ఉందట. అధ్యక్షులు ఎయ్యకముందు నేనేస్తే నా నౌకరి పోతది."

"ఎల్లుండి దాక ఆగుమని రోగానికి చెప్పిండ్రా?"

తిరుపతి కాసేపు ఆలోచించాడు. "దానికి కాగితం పోలే అక్కా," అన్నాడు. రోగం తగలకముందు వేస్తేనే టీకా పనిచేస్తుందని, తగిలాక వేసినా వేయకపోయినా ఒక్కటేనని చెప్పి, ఆ పని చేయలేక సైకిల్ తిప్పుకున్నాడు.

మర్నాడు మధుకర్ వచ్చాడు. మధుకర్ ఊరికి చాలా అవసరమైన మనిషి. పొద్దున మహారాష్ట్ర వైపు ఒక పార్టీకి తాలూకా కార్యదర్శి, మధ్యాహ్నం నుంచి ఆంధ్ర వైపు ఇంకో పార్టీకి మండల కార్యదర్శి. మధ్యలో అన్నం తిని చొక్కా మారుస్తాడు. ఆ రోజు సరిగ్గా అన్నం వేళకు రావడంతో ఒంటి మీద బనీను మాత్రమే ఉంది. చేతిలో రెండు రిజిస్టర్లు, ఒక ఎర్ర దారపు ఉండ, ఒక నీలం దారపు ఉండ ఉన్నాయి.

ప్రహ్లాద్‌రావు గారి ప్రకటన చూసి ఆంధ్ర వైపు కోడి సంక్షేమ సంస్థ అధ్యక్షులు రాధాకృష్ణ గారికి నిద్ర పట్టలేదట. మన కోళ్లకు వాళ్లు సూది వేయడమేమిటని, అదే రోజు అదే చోట తామూ టీకా ప్రారంభిస్తామన్నారట. కాబట్టి ఏ కోడి ఎవరిదో ముందే తేలాలి.

"ఎర్రది మహారాష్ట్ర, నీలంది ఆంధ్ర," అంటూ మధుకర్ కోడి కాలికి ఒక దారం చొప్పున కట్టుకుంటూ పోయాడు. అయిదింటికి ఎర్ర దారం, అయిదింటికి నీలం దారం పడ్డాయి. పదకొండోది నల్ల పెట్ట. మూలగదిలో గంపలో పన్నెండు గుడ్ల మీద మూడు రోజులుగా పొదుగుతోంది. మధుకర్ చెయ్యి పెడితే పొడిచింది.

"అత్తా, ఇది ఎవలది?"

"నాది."

"గట్ల కాదు. ఏ రాజ్యంది?"

"పొదుగు మీదుంది. ఇప్పుడు ఏ రాజ్యానికీ రాదు."

"గుడ్లు ఎవలియి?"

"నాలుగు దీనియే. తక్కినయి గా ఎర్రదారం దానియి కొన్ని, నీలందారం దానియి కొన్ని."

మధుకర్ రిజిస్టర్లు కింద పెట్టి నుదురు తుడుచుకున్నాడు. "అంటే మహారాష్ట్ర గుడ్ల మీద ఆంధ్ర కోడి కూసుందా?"

"కోడి ఎవలదో ఇంక తేలకపాయె కదరా."

"గదే పరేషాన్. పిల్లలైనంక కేసైతది అత్తా." చాలాసేపు తల గోక్కొని, చివరికి ఒక కాలికి ఎర్ర దారం, ఇంకో కాలికి నీలం దారం కట్టాడు. రెండు రిజిస్టర్లలోనూ రాసుకున్నాడు. దీంతో గౌరమ్మ కోళ్లు మొత్తం పన్నెండయ్యాయి.

"రేపు అన్నిటిని బడి మైదానానికి తేవాలె," అన్నాడు లేస్తూ. "అయిదూళ్ల కోళ్లు వస్తున్నయి. పులిగుట్టయి గూడ."

"పులిగుట్టయొస్తే నాయి రావు. రోగమున్న కోళ్ల నడుమ నా కోళ్లను పెడ్తనా?"

"నీ ఇష్టం. కార్డుల మీ పేర్లు ఉంటయో పోతయో నేను చెప్పలేను. రెండు కార్డులల్ల."

ఎల్లన్న అంతవరకు మంచం మీద కూర్చొని ఇద్దరికీ తల ఊపుతున్నాడు. ఈ మాటతో లేచి, కోళ్ల గంపలు వెతకడం మొదలుపెట్టాడు. నల్ల పెట్టను మాత్రం గౌరమ్మ కదలనివ్వలేదు. పొదుగు మీదున్న కోడిని లేపితే పాపం తగులుతుందని అంటే, దానికి మధుకర్ కూడా ఎదురు చెప్పలేకపోయాడు.

మార్చి పదమూడు. చంద్రపూర్ ఎండ సంగతి ఎవరికీ చెప్పనక్కర్లేదు. బడి మైదానంలో ఈ చివర ఒక పందిరి, ఆ చివర ఒక పందిరి ఎదురెదురుగా వేశారు. మధ్యలో అయిదూళ్ల కోళ్లు నాలుగు వందల దాకా, కాళ్లు కట్టేసి, ఒకదాని రెక్క కింద ఒకదాని తల పెట్టి కూర్చోబెట్టారు. ఇన్ని కోళ్లను ఇంత దగ్గరగా చేర్చడం ఇంతవరకు ఏ రోగానికీ సాధ్యం కాలేదు.

దేశంలోకి కొత్తగా దిగిన నల్లటి విదేశీ కూల్‌డ్రింకు రెండు పెట్టెలు అతిథుల కోసం జీపులో వచ్చాయి. మంచు మాత్రం మైదానం మొత్తానికి ఒక్క డబ్బాలోనే ఉంది, అది టీకా మందుది. మహామండలి అధికారి ధనరాజ్ మందు సీసాలు తీయించి, అందులో కూల్‌డ్రింకు సీసాలు పెట్టించాడు.

"సార్, ఎండల పెడితే మందు ఖరాబైతది," అన్నాడు తిరుపతి.

"అధ్యక్షులు ఎండలో ఖరాబైతే నువ్వు జవాబు చెప్తవా?" అన్నాడు ధనరాజ్. మందు సీసాలకు కూడా మర్యాద తక్కువ చేయలేదు. స్టీలు పళ్లెంలో బంతిపూల మధ్య పేర్చి, పసుపు కుంకుమ పెట్టి, అందరికీ కనబడేలా ఎండలోనే ఉంచారు. ఫొటోకు బాగుంటుందని మందు కలిపి, సూదుల్లోకి ఎక్కించి సిద్ధం చేశారు. కలిపిన మందు రెండు గంటల్లో వేసేయాలని తిరుపతి చెప్పబోతుంటే ఉపన్యాసాలు మొదలయ్యాయి.

రెండు పందిళ్లలోనూ ఒకేసారి మొదలయ్యాయి. ఎవరు ముందు ఆపితే ఊరు వాళ్ల చేతిలోంచి జారినట్టేనని ఇద్దరు అధ్యక్షులకూ తెలుసు. ప్రహ్లాద్‌రావు గారు మరాఠీలో కోడి చరిత్ర ఎత్తుకుంటే, రాధాకృష్ణ గారు తెలుగులో గుడ్డు భవిష్యత్తు అందుకున్నారు. గంట గడిచింది, రెండు గడిచాయి, మూడో గంట కూడా సగమైంది. కోళ్లు రెండు భాషలూ ఓపిగ్గా విన్నాయి.

గౌరమ్మ తన పది కోళ్లకు కొంగుతో నీడ పట్టి కూర్చుంది. ఆమె ఎర్ర పుంజుకు జానెడు దూరంలో పులిగుట్ట కోడి ఒకటి మెడ వెనక్కి తిరిగిపోయి, ముక్కు ఆకాశానికి పెట్టి, నోరు తెరిచి ఊగుతోంది. గౌరమ్మ పరుగున ధనరాజ్ దగ్గరికి వెళ్లింది.

"సార్, గా కోడికి రోగమొచ్చింది. దాన్ని అవుతలికి తీయించుండ్రి. మీకు దండం పెడ్త."

ధనరాజ్ తొంగి చూశాడు. "దాని కాలుకు నీలం దారముంది. అది మాది కాదు."

ఆమె ఎండలో మైదానం దాటి ఆ చివరి పందిరికి వెళ్లింది. అక్కడి అధికారి చాలా మర్యాదగా మాట్లాడాడు. "చూడమ్మా, మా కోడి అయితే దానికి రోగం ఉండే అవకాశం లేదు. రోగం ఉందంటే అది మా కోడి అయ్యే అవకాశం లేదు."

ఆమె తిరిగొచ్చేసరికి ప్రహ్లాద్‌రావు గారు వేదిక మీద నుంచి ఆ మెడ తిరిగిన కోడినే వేలెత్తి చూపిస్తున్నారు. "చూడండి, ఆ కోడి ఒక్కటి తల ఎంత పైకెత్తి పెట్టిందో. కొత్త భారతదేశం కోడి అంటే అదీ." చప్పట్లు మోగాయి. ఆ చప్పుడుకు కోడి పక్కకు ఒరిగి గౌరమ్మ పుంజు మీద పడింది.

తర్వాత మొదటి సూది వేయడానికి గౌరమ్మ ఎర్ర పుంజునే ఎంచుకున్నారు. ఫొటో సరిగా రాలేదంటే ఇంకోసారి, అధ్యక్షుల కళ్లు మూసుకుపోయాయంటే మూడోసారి అదే పుంజును పొడిచారు. అతిథులు చల్లటి సీసాలు తాగి జీపులెక్కారు. మిగిలిన కోళ్లన్నిటికీ తిరుపతి ఒక్కడే పొద్దు గుంకేదాకా సూదులు వేశాడు. మందు చాయ్ అంత వెచ్చగా ఉంది.

నాలుగో రోజు ఎర్ర పుంజు మేత ముట్టలేదు. గౌరమ్మ దాన్ని విడిగా కట్టేసింది, నీళ్ల చిప్పలు వేరు చేసింది, దొడ్డంతా సున్నం చల్లింది. చచ్చిన కోడిని ఊళ్లో వాళ్లు వండుకు తింటున్నా, పొరుగూరి చుట్టాలకు అంటగడుతున్నా తను మాత్రం మోకాటిలోతు గుంత తవ్వి, సున్నం వేసి పూడ్చింది. మూలగదికి ఎల్లన్నను కూడా పోనివ్వలేదు. తను కాళ్లు కడుక్కొని, చీర మార్చుకొని, అప్పుడే నల్ల పెట్టకు గింజలు పెట్టేది. అయినా దొడ్లో కోళ్లు ఆగలేదు. తొమ్మిది రోజుల్లో పదీ పోయాయి, అయిదు ఎర్ర దారాలు, అయిదు నీలం దారాలు. ఏ రాజ్యానికీ అన్యాయం జరగలేదు. చివరి దాన్ని పూడ్చి వచ్చి గౌరమ్మ దొడ్డి గుమ్మంలో కూర్చొని ఏడ్చింది. ఇరవై ఏళ్లుగా తెల్లవారుజామున ఆ దొడ్లో పుంజు కూయని రోజు లేదు.

ఊళ్లో కోడన్నది మిగల్లేదు, నల్ల పెట్ట తప్ప. చచ్చిన కోళ్లు ఆంధ్రవని మహామండలి, మహారాష్ట్రవని సంక్షేమ సంస్థ రెండు లేఖలు పంపాయి. మందు ఎందుకు వెచ్చబడిందో వారంలోగా రాతపూర్వకంగా చెప్పాలని తిరుపతికి ఒక మెమో వచ్చింది.

మార్చి నెలాఖరు దగ్గరపడింది. ఆర్థిక సంవత్సరం ముగిసేలోగా కార్యక్రమం ఫలితం చూపించాలి. ధనరాజ్ ఊరంతా తిరిగి సర్వే చేశాడు. రోగంతో ఉన్న కోళ్లు ఎన్ని అన్న గడిలో సున్నా పడింది. ఉన్న కోళ్లలో ఆరోగ్యంగా ఉన్నవి ఎంత శాతం అంటే నూటికి నూరు. పక్క రాజ్యపు సర్వేలోనూ అదే వచ్చింది. రెండు రాజ్యాల లెక్కలు కలవడం అదే మొదటిసారి. దొంతలగూడను రోగరహిత గ్రామంగా ప్రకటించాలని ఇద్దరు అధ్యక్షులూ ఒకే రోజు నిర్ణయించారు. ఆరోగ్యవంతమైన కోడి ఉన్న ఇల్లు ఒక్కటే కాబట్టి సభ గౌరమ్మ వాకిట్లో పెట్టారు.

ఇరవై తొమ్మిదో తారీకున పందిరి ఒక్కటే వేశారు, వాకిలి చిన్నది కాబట్టి. ఇద్దరు అధ్యక్షులూ మొదట మూలగదిలోకి వెళ్లి గంపలో కూర్చున్న నల్ల పెట్టతో ఫొటోలు దిగారు. ఎర్ర దారం చూసి ప్రహ్లాద్‌రావు గారు ఇది మా టీకా మహిమ అన్నారు. నీలం దారం చూసి రాధాకృష్ణ గారు మా టీకా మహిమే అన్నారు. దానికి అసలు సూదే పడలేదని గౌరమ్మ చెప్పింది కానీ ఫొటోల హడావిడిలో ఎవరికీ వినబడలేదు. ఇద్దరూ మాట మాట అనుకొని, మొహాలు ఎర్రబడి, ఎడమొహం పెడమొహంగా బయటికొచ్చారు.

భోజనం ఏమిటని అడిగారు ప్రహ్లాద్‌రావు గారు. ఫారం కోడి తెప్పిస్తున్నామని మధుకర్ చెప్పాడు.

"ఫారం కోడి నాకు పడదు. ఇది గావ్‌రాన్ కోళ్ల సభ. గావ్‌రాన్ కోడి లేకుండా ఏం సభ?"

"నాటుకోడి అయితేనే నేనూ కూర్చుంటానండీ," అన్నారు రాధాకృష్ణ గారు. ఆ రోజు ఇద్దరికీ కుదిరిన మొదటి మాట అది.

మధుకర్ గౌరమ్మ వైపు చూశాడు. గౌరమ్మకు అర్థమైంది. "వద్దు కొడుకా. ఇంక రెండు రోజులైతే పిల్లలైతయి. మల్ల నాకు కోళ్లు ఏడికెల్లి వస్తయి?"

"నేనేమన్నంటినా అత్తా. నువ్వు ముందుగాల కుర్చీల కూసో. సన్మానముంది."

ఆమెను వేదిక మీద ఇద్దరు అధ్యక్షుల మధ్య కూర్చోబెట్టారు. ఆదర్శ కోళ్ల రైతు అని మరాఠీలో ఒకసారి, తెలుగులో ఒకసారి చదివారు. మహారాష్ట్ర శాలువ కప్పారు, దాని మీద ఆంధ్ర శాలువ కప్పారు. ఆ ఎండలో రెండు ఉన్ని శాలువల కింద ఆమె చెమటతో తడిసిపోతుంటే, ఇంటి వెనక నుంచి కోడి అరుపు వినిపించింది. ఒక్కసారే అరిచింది. గౌరమ్మ లేవబోయింది. ఫొటోగ్రాఫర్ చెయ్యెత్తి, "కదలొద్దు అమ్మా," అన్నాడు.

భోజనం చాలా బాగుందని ఇద్దరూ మెచ్చుకున్నారు. వడ్డించేటప్పుడు ఒక చిక్కు వచ్చింది కానీ మధుకర్ ఉండగా ఏ చిక్కూ నిలవదు. ఎర్ర దారం కట్టిన కాలు ప్రహ్లాద్‌రావు గారి విస్తట్లో, నీలం దారం కట్టిన కాలు రాధాకృష్ణ గారి విస్తట్లో వేశాడు. ఏళ్ల తరబడి పెద్ద పెద్ద కోర్టుల్లో తెగని సరిహద్దు తగాదా దొంతలగూడలో అరగంటలో తెగింది. పోతూ పోతూ ఇద్దరూ చేతులు కలుపుకున్నారు కూడా.

జీపుల దుమ్ము అణగకముందే గౌరమ్మ మూలగదిలోకి వెళ్లింది. గుడ్ల మీద చెయ్యి పెట్టి చూసింది. ఇంకా వెచ్చగానే ఉన్నాయి. గంపను వంటింట్లోకి తెచ్చి పొయ్యికి బారెడు దూరంలో పెట్టింది. భుజాల మీద నుంచి ఒక శాలువ తీసి గుడ్ల కింద మడిచి పెట్టింది, ఇంకోటి పైన కప్పింది. రెండు రాజ్యాలు ఇచ్చిన వస్తువులు ఒకేసారి ఆ ఇంటికి పనికిరావడం అప్పుడే. ఆ రెండు రోజులూ ఆమె పొయ్యి దగ్గరే పడుకుంది, గంటగంటకూ లేచి గుడ్లు తిప్పింది. చంద్రపూర్ ఎండ కూడా ఎవరూ అడగకుండానే తన వంతు సాయం చేసింది.

ఏప్రిల్ రెండున ధనరాజ్, మధుకర్ మళ్లీ వచ్చారు. కొత్త సంవత్సరంలో కొత్త పథకం వచ్చిందట. ఎవరింట్లో ఎన్ని కోళ్లున్నాయో రాసుకోవాలట. ఉన్న కోళ్లనన్నిటినీ మళ్లీ ఒక చోట చేర్చి, ఈసారి ఢిల్లీ నుంచి వచ్చే పెద్దల చేత ప్రారంభోత్సవం చేయిస్తారట. ధనరాజ్ రెండు కాగితాలు తీశాడు. పక్క రాజ్యంతో స్నేహం కుదిరింది కాబట్టి వాళ్ల కాగితం కూడా తనే నింపుతున్నాడు.

"కోళ్లు ఎన్ని?"

ఎల్లన్న నోరు తెరవబోయాడు. గౌరమ్మ అతని వైపు ఒక చూపు చూసింది. "లెవ్వు సార్. సున్న రాసుకోండ్రి," అంది.

వంటింట్లో నుంచి సన్నగా కియ్ కియ్‌మని వినిపించింది. ధనరాజ్ తల తిప్పి చూశాడు. పొయ్యి పక్కన గంప, గంప మీద జరీ అంచు శాలువ. శాలువ అక్కడక్కడా కదులుతోంది.

"అదేంది లోపల?"

"సన్మానం సార్," అంది గౌరమ్మ.

ధనరాజ్ శాలువ వైపు తిరిగి ఒక నమస్కారం పెట్టి, రెండు కాగితాల మీదా సున్నా రాసుకొని వెళ్లిపోయాడు.